నెత్తురు తుడిచే చేతుల కులం

108కు ఫోను చేసేవారెవరూ రాబోయే మనిషి కులం అడగరు. అడిగే వ్యవధి వారికి ఉండదు. పురుగుమందు తాగిన కౌలురైతుకైనా, లారీ కింద పడిన విద్యార్థికైనా ఆ క్షణంలో కావలసింది రెండు చేతులు. అవి ఎవరి చేతులన్న విచారణ తరువాత మొదలవుతుంది. ఊపిరాడక తండ్రి అల్లాడుతున్నప్పుడు ‘డాక్టరు బాబూ’ అని నన్ను పట్టుకున్న కొడుకే, పెద్దాయన కాస్త తేరుకున్నాక ఆస్పత్రి వరండాలో ‘మీదే ఊరు? మీరేమిట్లు?’ అంటాడు. జవాబు విన్నాక ‘బాబు’ పోయి ‘నువ్వు’ మిగులుతుంది.

పద్నాలుగేళ్లుగా అంబులెన్సులో ఈఎంటీగా పనిచేస్తున్నాను. మాదిగపల్లెలో పుట్టాను. మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్లో పెద్దకులాల బిడ్డలెందరో ఆమె చేతుల్లోనే తొలి ఏడుపు ఏడ్చారు. పురుడు పోసే దాకా ఆమె దేవత. బొడ్డు కోశాక దొడ్డిదారిన బయటికి నడవవలసిన మనిషి. చావు కబురు మోయడం, గొయ్యి తవ్వడం, మాయను పాతిపెట్టడం వంటి పనులను ఊరు ఎవరికి అప్పగించిందో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కరలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఆ పనుల్లో కొన్నిటికి యూనిఫారం తొడిగింది. డ్రైవరుకు ‘పైలట్’ అన్న అందమైన పేరూ పెట్టింది. (ఆ పేరుకు తగిన జీతం మాత్రం ఆకాశంలోనే ఉండిపోయింది.) నేను పనిచేసిన మండలాలన్నిటా నా సహోద్యోగుల్లో ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల పిల్లలే.

ఒక డిసెంబరు రాత్రి వాహనంలోనే కాన్పు జరిగింది. బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, పక్కనే కూర్చున్న నాయనమ్మకు అందించబోయాను. నేనెవరో ఆమెకు ముందే తెలుసు. పక్క ఊరే మాది. ‘అక్కడ పెట్టు నాయనా, తీసుకుంటాను’ అంది. చలికి వణికే పసిగుడ్డును స్ట్రెచరు అంచున ఎలా పెట్టను? ఆస్పత్రి నర్సు వచ్చే వరకు గుండెలకు హత్తుకొని కూర్చున్నాను. ఆ తల్లి మాత్రం కళ్లతో ఏదో చెప్పబోయింది. అత్తగారి ముందు చెప్పలేకపోయింది.

ఈ ఉద్యోగంలో అసలు బరువు మరొకటి ఉంది. మనిషి చనిపోయాడని ప్రకటించే అధికారం మాకు లేదు. అది వైద్యుడే చెప్పాలి. దేహం చల్లబడుతోందని నా చేతులకు తెలుస్తూనే ఉంటుంది. అయినా ఛాతీ మీద నొక్కుతూనే ఉంటాను. ఎదురుగా కూర్చున్న తల్లి నా ముఖంలో తన కొడుకు ప్రాణాన్ని వెతుక్కుంటుంది. ఆస్పత్రికి చేరేవరకు ఆ ముఖాన్ని కదలనివ్వకుండా ఉంచడమే నా వృత్తిలో కఠినమైన భాగం. ఆ తరువాత బకెట్టు నీళ్లు, బ్లీచింగు. నెత్తురు కడిగేదీ మేమే. నేల ఆరకముందే మరో కాల్. పన్నెండు గంటల డ్యూటీలో ‘నీకెలా ఉంది?’ అని అడిగేవారు ఎవరూ ఉండరు. వాహనం ఆలస్యమైందని చెంపదెబ్బ కొట్టేవారు మాత్రం ఉంటారు. మా పైలట్ ఒకరు చిన్నపిల్లల ప్రమాదం చూసిన రోజు ఇంటికి వెళ్లడు. తన కూతుళ్లు నిద్రపోయాక వెళతాడు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరపు హిల్ డిస్ట్రిక్ట్‌లో 1967లో ఫ్రీడం హౌస్ అంబులెన్సు సేవ మొదలైంది. అప్పటిదాకా ఆ నగరంలో రోగులను పోలీసు వ్యానులు మోసుకుపోయేవి. డాక్టర్ పీటర్ సఫార్ నిరుద్యోగులైన నల్లజాతి యువకులకు శిక్షణనిచ్చి, దేశానికే ఆదర్శమైన అత్యవసర వైద్య బృందంగా తీర్చిదిద్దాడు. 1975లో నగరం సొంత సేవను పెట్టుకొని దానిని మూసివేసింది. కొత్త పరీక్షలు, కొత్త నిబంధనల పేరిట వారిలో పలువురు బయటికి నెట్టబడ్డారు. పని పాతదై గౌరవం వచ్చాక, ఆ పనిని నిలబెట్టినవారికి చోటు లేకపోయింది.

మన దగ్గర తోసివేత మరో రూపంలో సాగుతుంది. సేవ ప్రభుత్వానిది, నిధులు ప్రభుత్వానివి, వాహనం మీద బొమ్మలు కూడా ప్రభుత్వానివే. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టరుది. రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రభుత్వ నియామకాలకు వర్తిస్తుంది. నిర్వహణ సంస్థ ఇచ్చే కాగితానికి రోస్టరు లేదు, పదోన్నతి లేదు. సంస్థ మారినప్పుడల్లా నేను కొత్తగా చేరినవాడినవుతాను. నెత్తురు ముట్టుకునే దిగువ మెట్టుకు రిజర్వేషన్ అక్కరలేకుండానే మా పిల్లలు చేరుతున్నారు. జిల్లా పర్యవేక్షకుల కుర్చీల వద్దకు వెళ్లేసరికి ఆ ముఖాలు పలచబడతాయి.

సంస్థ మారినా పాత సర్వీసు కొనసాగాలి. పర్యవేక్షక పోస్టులకు రోస్టరు ఉండాలి. మరణం చూసిన సిబ్బందికి ఆ షిఫ్టులోనే కొంత విరామం, జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యుడి వద్ద నెలకొక పూట దొరకాలి. వీటిని తదుపరి టెండరు పత్రంలో షరతులుగా రాయవచ్చు. వాహనం ఎన్ని నిమిషాల్లో చేరాలో రాసినట్లే ఇవీ రాయవచ్చు.