మోటారుబండి ఆయుర్దాయము



భట్టిప్రోలులో మా యింట నొక పాత అంబాసిడరు కారు కలదు. దాని కిలోమీటర్ల మీటరునకు అయిదంకెలే. 99,999 దాటగనే సున్నకు మరలును. ఇప్పటికి మూడుమారులు మరలినది. ఇట్టి కార్ల నిర్మాణము 2014లోనే నిలిచినది. “ఇఁక అమ్మివేయుదము” అని మా కుమారుఁడు తొందరపెట్టుచున్నాఁడు. నేను సమ్మతింపలేదు. కారణము మనవి చేసెదను.

యంత్రమును చెఱచునది దూరముకంటె అశ్రద్ధయే. బండి యిరుసునకు కందెన యెట్టిదో ఇంజనునకు చమురట్టిది. అది మసిపట్టి సారము తగ్గినచో ఇనుము ఇనుముతో రాచుకొని అరుగును. కావున చమురును, ఫిల్టరును సకాలమున మార్చవలెను. రేడియేటరులో నీరు తరిగినచో ఇంజను మితిమీరి కాఁగి చెడును. మన రేగడిబురద అడుగున నంటియున్నచో తుప్పు పుట్టును, కడుగక విడువరాదు.

అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అను ఉపాధ్యాయుఁడు 1966లో కొన్న వోల్వో కారు 2013లో 30 లక్షల మైళ్లు పూర్తిచేసినది. ఆయన చమురు మార్చుటలో నియమము తప్పలేదు. ఇంజనును నడుమ విప్పి బాగుచేయించెను.

అయినను హద్దు కలదు. చట్రము తుప్పుచే తూట్లు పడినను, బ్రేకులు బాగుచేయరానివైనను మమకారము విడువవలెను; ప్రాణముకంటె బండి యెక్కువ కాదు. మా కారు క్రిందికి వంగి చూచితిని. చట్రము గట్టిగనే యున్నది. మీరును అంకెలను చూచి కాక, అడుగున వంగి చూచి నిర్ణయింపుఁడు.