అల్లరి ఎవరి పోలిక?

మీ బాబు ఒక్కచోట కుదురుగా కూర్చోడా? లెక్క సగం చేసి పుస్తకం మూసేస్తాడా? "తల్లి పెంపకం అలా ఏడ్చింది" అని మీ అత్తగారు మూతి విరిచారా? అయితే ఈ నాలుగు ముక్కలూ చదవండి. వీలైతే ఆవిడకీ వినిపించండి.

పిల్లలన్నాక అల్లరి మామూలే. కోనసీమలో కొబ్బరిచెట్టు ఎక్కాలని చూడని కుర్రాడుంటాడా? కానీ ఆ నిలకడలేనితనం పన్నెండేళ్ళలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ ఆర్నెల్లకు పైగా సాగుతూ, చదువుకీ స్నేహాలకీ అడ్డొస్తుంటే డాక్టర్లు ఏ.డి.హెచ్.డి. అని అనుమానిస్తారు. ఆడపిల్లల్లో గెంతులు తక్కువ, పరధ్యానం ఎక్కువ. అందుకే చాలామంది లెక్కలోకే రారు.

ఇది పెంపకం లోపం కాదు, చాలావరకు వంశంలో వచ్చేది. ఎలా తెలిసిందంటారా? కవలల వల్ల. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం, మామూలు కవలల్లో కంటే బాగా ఎక్కువ. కవలల మీద జరిగిన 37 అధ్యయనాలను 2019లో కలిపి చూస్తే, వంశపారంపర్యం వాటా సగటున 74 శాతమని తేలింది. నూటికి 74 మంది పిల్లలకు వస్తుందని కాదు సుమండీ! పిల్లల మధ్య ఈ విషయంలో కనిపించే తేడాల్లో అంత వంతు జన్యువులదని.

మరి ఆ జన్యువేదో పట్టుకోవచ్చుగా? 1990లలో మెదడులోని డోపమైన్ అనే రసాయనానికి సంబంధించిన ఒకటి రెండు జన్యువుల వెంట పడ్డారు. తీరా చూస్తే దొంగ ఒక్కడు కాదు. 2023లో ఈ సమస్య ఉన్న 38,691 మందినీ, లేని 1,86,843 మందినీ పోల్చి 27 చోట్ల తేడాలు గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చిటికెడే. అందుకే రక్తపరీక్ష చేసి దీన్ని తేల్చలేరు. తేలుస్తామని ఎవరైనా అంటే డబ్బు దండగ.

మన జిల్లాల్లో వెంటనే వచ్చే అనుమానం మేనరికం. ఒకే లోపమున్న జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ అందితే వచ్చే జబ్బులకు మేనరికం ముప్పు పెంచుతుంది, నిజమే. ఇది ఆ కోవకు చెందదు. బావని చేసుకున్నందుకే ఇలా అయిందని కుమిలిపోకండి.

నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు తక్కువ ఉండడం కూడా ముప్పు పెంచుతాయి. తాపేశ్వరం కాజా మాత్రం కాదు! పంచదార మీద జరిగిన పరీక్షలను 1995లో కలిపి చూస్తే, పిల్లల ప్రవర్తన మీద దాని ప్రభావమేమీ కనిపించలేదు. పళ్ళు పుచ్చిపోవడం వేరే సంగతి.

తల్లిదండ్రులకు శిక్షణ, అవసరమైతే మందులు, రెండూ ఉన్నాయి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు బడిలో మేష్టారి చేత నాలుగు మాటలు రాయించుకోండి. మీవారినీ తీసుకెళ్ళండి. పిల్లాడి సంగతి తేలాకే తండ్రి సంగతి బయటపడే ఇళ్ళు బోలెడు. అత్తగారినీ రమ్మనండి. మీవారు బడి ఎగ్గొట్టి ఎన్నిసార్లు గోదారి గట్టున దొరికారో ఆవిడకే తెలుసు.