విహారగృహములు – సూర్యశక్తి లెక్క

కొండప్రాంతమునకో, సముద్రతీర గ్రామమునకో రిసార్టు కంపెనీవారు వచ్చి, "మాది సూర్యశక్తితో నడచు హరిత విహారగృహము" అని పంచాయతీకి విన్నవించుకొనుట నేడు క్రొత్త కాదు. ఆ మాటలో జరిగిన పని యెంత, జరుగవలసిన దెంత అను సంగతి అనుమతి నిచ్చు సభ్యులకు తెలిసి యుండవలెను. ఒక ఉదాహరణము చూతము.

క్లబ్ మహీంద్రా పేరుతో విహారగృహములను నడుపు మహీంద్రా హాలిడేస్ కంపెనీ ఆర్.ఇ.100 అను అంతర్జాతీయ కూటమిలో సభ్యత్వము పొందినది. 2014లో ప్రారంభమైన ఈ కూటమిలో చేరు కంపెనీలు తాము వాడు విద్యుత్తు నంతటిని ఎండ, గాలి, నీరు వంటి తరుగని వనరుల నుండియే పొందుదుమని మాట యిచ్చును. ఈ కంపెనీ పెట్టుకొన్న గడువు 2050. గడువు దూరమే. కావున గడువు కంటె ఏటేటి లెక్కయే ముఖ్యమని మా అభిప్రాయము.

ఆ లెక్క యెట్లుండును? ఒక కిలోవాటు సౌరఫలకములకు సుమారు 10 చదరపు మీటర్ల చోటు కావలెను. మంచి యెండలో అవి దినమునకు సుమారు 4 యూనిట్ల నిచ్చును. ఒక గదిలో ఎయిర్ కండిషనరు రాత్రి 8 గంటలు నడచిన 8 యూనిట్ల వరకు కాలవచ్చును. అనగా ఆ ఒక్క యంత్రమునకే 20 చదరపు మీటర్ల కప్పు కావలెను! వంటశాల, లాండ్రీ, నీటిపంపులు ఇంకను మిగిలియే యున్నవి. అందుచే ముందుగా వాడకమును తగ్గించుట, స్నానపు నీటిని కరెంటుతో గాక నేరుగా ఎండతోనే కాచుట, అప్పటికిని చాలని దానిని దూరపు సౌర, పవన కేంద్రముల నుండి కొనుట – ఇదియే ఆచరణలో నున్న మార్గము.

మరియొక చిక్కు గలదు. ఎండ మధ్యాహ్నము కాయును. అతిథులు అప్పుడు ఊరు చూడబోయి సాయంకాలమునకు గాని తిరిగి రారు. పగలు మిగిలిన విద్యుత్తును లైనులోనికి పంపి, రాత్రి తీసికొనుటకు నెట్ మీటరు ఉపయోగపడును. కొడగులోని మడికేరి వంటి చోట వానకాలమున ఎండయే అరుదు. అయినను అచటి క్లబ్ మహీంద్రా విహారగృహము శక్తి, నీరు, వ్యర్థములు మూడింటను భారత హరిత భవన మండలి వారి ‘నెట్ జీరో’ గుర్తింపు పొందినది. ఇందు ‘జీరో’ యనగా కరెంటు వాడకపోవుట కాదు. ఏడాది మొత్తముమీద జమాఖర్చులు సరిపోవుట.

ఎండతో పెద్ద వంటశాలలను నడుపుట మనవారికి క్రొత్త గాదు. తిరుమలలో దినమునకు సుమారు 15,000 మందికి వండుటకు సరిపడు సౌర ఆవిరి యంత్రములను 2002లోనే నెలకొల్పిరి.

కావున కంపెనీవారు వచ్చినపుడు వారి పాత విహారగృహముల పండ్రెండు నెలల కరెంటు బిల్లులను అడుగుడు. అందు సొంత ఫలకముల యూనిట్లెన్ని, కొన్నవి ఎన్ని, డీజిల్ జనరేటరు ఎన్ని గంటలు నడచినది విడివిడిగా చూపవలెనని కోరుడు. జనరేటరు పొగయు, మోతయు భరించునది అతిథు లొక్కరే కాదు, ప్రక్క వీధి వారును గదా! పంచాయతీ మంచినీటి పంపునకు ఇదే లెక్క వేసి చూచిన, రిసార్టు గదులకంటె అదియే సూర్యశక్తికి అనువైనదని తేలును. పంపును పగలే నడిపి ట్యాంకు నింపుకొనవచ్చును.