వాన దిగులు - రైతు చేయదగిన పనులు

మృగశిర కార్తె దాటినది. ఆరుద్ర కూడ సగమైనది. విత్తనపు కాయలు ఒలిచి ఇంట ఉంచినారు. రోజుకు పదిమార్లు వాకిట నిలిచి మబ్బు చూచుచున్నారు. రాత్రి నిద్ర పట్టదు, అన్నము సయించదు, పిల్లలు పలుకరించినను విసుగు వచ్చును. అనంతపురము వంటి మెట్ట జిల్లాలలో ఇది చాల ఇండ్ల అనుభవము. ఏటి ఆదాయమంతయు ఒక పదునుపై ఆధారపడినప్పుడు దిగులు కలుగుట సహజము. దానిని పిరికితనమని ఎవరును అనరాదు. అయితే అది చేతి పనిని ఆపకుండ చూచుకొనవలెను.

దిగులు ఎందుకు పెరిగినది?

కరువులు మనకు క్రొత్త కావు. 1876 నాటి ధాత కరువును రాయలసీమ మరువలేదు. కాని ఇప్పుడు భూమియే వేడెక్కుచున్నది. 1901 నుండి ఉన్న లెక్కలలో మన దేశమున 2024 మిక్కిలి వేడియైన సంవత్సరము. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 వంతులు ఎక్కువ తేమను పట్టగలదు. అందుచేత వాన ఒక్కసారిగా కుండపోతగా కురియుట, పిదప వారముల తరబడి ముఖము చాటువేయుట ఎక్కువగుచున్నవి. పెద్దలు చెప్పిన కార్తెల లెక్క తరచు తప్పుచున్నది. కనుక అంచనా తప్పినప్పుడు "నాకు సేద్యము చేతకాదు" అని మిమ్ము మీరే నిందించుకొనవద్దు.

ముందే నిర్ణయించుకొనుడు

వానను మనము రప్పించలేము. వాలుకు అడ్డముగా దున్నుట, సేద్యపు గుంటలో పూడిక తీయుట, వేరుసెనగ నడుమ కంది సాళ్ళు వేయుట మన చేతిలోని పనులు. "ఫలాని తేదీలోగా పదును కాకున్న వేరుసెనగ మానెదము, తరువాత వచ్చిన పదునుకు ఉలవ విత్తెదము" అని ఇంటివారితో కూర్చుండి ముందే నిర్ణయించి, ఆ తేదీని గోడమీద వ్రాయుడు. ఉలవ విత్తనము ఇప్పుడే చూచి ఉంచుడు. ప్రతి ఉదయము అదే తర్కము మొదలు పెట్టు బాధ తప్పును. వాతావరణ సూచన రోజుకు ఒకసారి చూచిన చాలును. పంట సందేహములకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 కు ఉచితముగా ఫోను చేయవచ్చును.

అప్పు సంగతి దాచవద్దు. భార్యకు, అన్నదమ్ములకు చెప్పుడు. ఒక్కరు మోయు బరువు నలుగురు పంచుకొన్నచో దారి తోచును.

గ్రామోద్యోగులకు మనవి

రచ్చబండకు వచ్చు మనిషి రాక మానినను, తిండి తగ్గి త్రాగుడు పెరిగినను, ఎడ్లను అయినకాడికి అమ్మినను గమనించుడు. "నేను లేకున్న మీకే సుఖము" అను మాట వినబడినచో ఆనాడే ఆ ఇంటికి పొండు. సూటిగా అడుగుడు, అడుగుటవలన కీడు లేదు. అతనిని ఒంటరిగా విడువవద్దు. పురుగుమందు డబ్బాలను అతనికి అందకుండ వేరొకచోట తాళమువేసి ఉంచుడు. 14416 కు ఫోను చేసినచో టెలి మానస్ వారు రాత్రింబగళ్ళు ఉచితముగా తెలుగులో మాట్లాడుదురు. వైద్యునికి చూపుట కూడ అవసరము.

రైతు సోదరులారా! ఈ సాయంకాలమే మీ పొరుగు రైతును పిలిచి, మీ మనసులోని మాట చెప్పుడు. అతని మాట వినుడు. ఒక పంట పోయినను మరుసటి ఏడు విత్తవచ్చును. దానికి మనిషి ఉండవలెను.