పాలలోకి వచ్చిన ధూళి

1986 ఏప్రిల్ 28 ఉదయం స్వీడన్ దేశంలో ఫోర్స్‌మార్క్ అనే అణువిద్యుత్ కేంద్రంలో ఒక వింత జరిగింది. అక్కడ పనిచేసేవాళ్ళను ఒక యంత్రం పరీక్షిస్తుంది. ఒంటికి రేడియోధార్మిక ధూళి అంటివుంటే మోగుతుంది. ఆరోజు ఒక ఉద్యోగి రియాక్టరు వైపుకు వెళ్ళనేలేదు, అయినా యంత్రం మోగింది! ధూళి అతని బూట్లకు వున్నది. వానతోపాటు ఆకాశం నుంచి దిగింది.

అది ఎక్కడిదనుకున్నారు? రెండురోజుల కిందట సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్‌లో ఒక రియాక్టరు పేలిపోయింది. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో వున్నది. అక్కడినుంచి ఫోర్స్‌మార్క్ దాదాపు 1,100 కిలోమీటర్లు. అంటే రాజమండ్రి నుంచి కలకత్తాకు రైలుదారి ఎంతో, సుమారు అంత!

అమలాపురంలో కుండపోతగా కురిసిన రోజున రాజోలులో చినుకైనా పడకపోవచ్చు. ఈ ధూళి కూడా అంతే. గాలి మోసుకుపోతుంది, వాన పడ్డచోట ఎక్కువగా దిగుతుంది.

దిగి ఏం చేస్తుంది? ఇందులోని పరమాణువులు నిలకడ లేనివి. విరిగిపోతూ, కంటికి కనిపించని కిరణాలు వదులుతాయి. వీటిలో ఒకరకం అయొడీన్ వున్నది. అది గడ్డిమీద పడుతుంది, గడ్డిని ఆవు మేస్తుంది, పాలు పిల్లలు తాగుతారు. మన మెడలోని థైరాయిడ్ గ్రంథికి అయొడీన్ కావాలి. ఇది మంచిదా చెడ్డదా అని దానికి తెలియదు, అందినదంతా దాచుకుంటుంది. పిల్లల గ్రంథి చిన్నది, తాగే పాలు ఎక్కువ. అందుచేత ప్రమాదం పెద్దవాళ్ళకన్నా వాళ్ళకే ఎక్కువ.

పాలు కాస్తే పోదా అంటారేమో! పోదు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి; ఇది జీవి కాదుగదా.

అయితే ఈ అయొడీన్ 8 రోజులకు సగమవుతుంది, మరో 8 రోజులకు అందులో సగం. కాగితంమీద లెక్క వేసి చూడండి, 80 రోజులకు వెయ్యో వంతుకూడా మిగలదు. అన్నాళ్ళు ఆ పాలు మానితే చాలు. 1957లో ఇంగ్లండులోని విండ్‌స్కేల్‌లో రియాక్టరు తగలబడినప్పుడు చుట్టుపక్కల పాలు పారబోశారు. 1986లో పోలండు దేశం కోటిమందికి పైగా పిల్లలకు మంచి అయొడీన్ మందు తాగించింది. గాదె నిండా ధాన్యం వుంటే కొత్త బస్తా ఎక్కడ పోస్తారు?

చెర్నోబిల్ చుట్టుపక్కల మాత్రం ఈ మాట ప్రజలకు వెంటనే చెప్పలేదు. అన్నిటికన్నా ఘోరం ఇదే. పిల్లలు పాలు తాగుతూనే వున్నారు. తరువాతి సంవత్సరాలలో వాళ్ళలో వేలమందికి థైరాయిడ్ కాన్సర్ వచ్చింది. చికిత్స వల్ల చాలామంది బతికారు.

ఆ ధూళిలో సీసియం కూడా వున్నది. అది సగం కావటానికి 30 ఏళ్ళు పడుతుంది! బ్రిటన్‌లోని వేల్స్ కొండలమీద గొర్రెల అమ్మకానికి ఆంక్షలు 2012 దాకా వున్నాయంటే దానివల్లనే.

మన దేశంలో చెన్నై దగ్గరి కల్పాక్కం వంటి అణువిద్యుత్ కేంద్రాల చుట్టూ వున్న ఊళ్ళనుంచి పాలు, చేపలు, నీళ్ళు తెచ్చి పరీక్షిస్తూ వుంటారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కేంద్రం కట్టినరోజున, అక్కడి గేదెల పాలు కూడా అలాగే పరీక్షకు వెళ్ళాలి.