జిడ్డు పొర, ఆకు పొర

పులుసు గిన్నెలో నీళ్లు పోసి నానబెడతాం. కాసేపటికి నీళ్ల మీద జిడ్డు తేలుతుంది. సన్నని పొరలా పరుచుకుంటుంది. సబ్బు చుక్క పడితే చటుక్కున పక్కకు జరుగుతుంది. మీరు రోజూ చూసేదే ఇది.

పచ్చని ఆకులో కూడా ఇట్లాంటి కొవ్వు పొరలు ఉన్నాయి. అవి కంటికి కనిపించవు. ఒక మిల్లీమీటరు మందాన్ని రెండు లక్షల పొరలుగా చీల్చామనుకోండి. అందులో ఒక పొర ఎంతో, ఇంచుమించు అంత మందం.

ఆకు ఎండను పట్టుకుని తన తిండి తానే తయారు చేసుకుంటుంది. దీన్ని బడి పుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియ అంటారు. పేరు నోరు తిరగదు గానీ, మనం తినే బియ్యం, పప్పు అన్నీ ఆ పని వల్ల వచ్చినవే.

ఆ పని మొదలయ్యేది ఈ సన్నని పొరలోనే. పొరలో మాంసకృత్తులు గుచ్చినట్టు నిలబడి ఉంటాయి. పప్పులో, గుడ్డులో మాంసకృత్తులు ఉంటాయని అంగన్‌వాడీలో చెబుతారు కదా. ఇవీ ఆ జాతివే. కాకపోతే ఇవి ఆకుపచ్చ రంగును తమలో ఇముడ్చుకుని ఉంటాయి. వెలుగు పడగానే ఎలక్ట్రాన్ అనే చిన్న కణాన్ని పొర ఈ పక్క నుంచి ఆ పక్కకు పంపుతాయి. కరెంటు అంటే ఎలక్ట్రాన్లు కదలడమే.

ఎండతో బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. అట్లాంటి ఒకదాంట్లో ఉన్న ఈ రకం మాంసకృత్తు రూపాన్ని జర్మనీ శాస్త్రవేత్తలు మిషెల్, డైసెన్‌హోఫర్, హూబర్ 1985 నాటికి స్పష్టంగా చూపించారు. 1988లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎలక్ట్రాన్ నడిచే దారి ఆ రూపంలో కనిపించింది. ఆ నడక ఒక వైపుకే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. టార్చిలైటులో రెండు బ్యాటరీలు వేస్తాం. ఒకదాన్ని తిరగేసి వేస్తే ఏమవుతుంది? లైటు వెలగదు. ఈ మాంసకృత్తులూ అంతే. ఆకులో ఒక రకానివన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. వాటిని బయటికి తీసి, లోహపు పలక మీద పరిచి, ఎండ నుంచి కరెంటు తీయాలని శాస్త్రవేత్తల ప్రయత్నం. కొన్ని తల కిందులుగా పడితే, ఒకటి పంపిన దాన్ని ఇంకొకటి వెనక్కి పంపుతుంది. చేతికి ఏమీ మిగలదు.

అసలు అంత సన్నని పొరను పలక మీద పరచడం ఎట్లా? ఆ దారికి మొదలు అంట్లు తోమిన ఒక ఆడపిల్ల.

ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్స్. 1862లో పుట్టింది. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్లో ఉండేది. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్లను పెద్ద చదువులకు చేర్చుకునేవాళ్లు కాదు. తమ్ముడు చదువుకున్నాడు. ఆమె ఇంటిపని చేస్తూ, జబ్బుపడ్డ అమ్మానాన్నలను చూసుకుంది. తమ్ముడు ఇచ్చిన పుస్తకాలు చదివింది. జిడ్డు నీళ్లను గమనించింది. రేకు తొట్టిలో నీళ్లు నింపి, అడ్డంగా ఒక రేకు ముక్క పెట్టింది. దాన్ని జరిపి, నీటి మీది పొరను దగ్గరకు నొక్కి కొలిచింది. 1891లో ఆ సంగతంతా ఇంగ్లండులో రేలీ అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాసింది. ఆయన భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. ఆ ఏడాదే అది 'నేచర్' పత్రికలో అచ్చయింది.

తర్వాత 1930లలో అమెరికాలో కేథరిన్ బ్లాడ్జెట్ అనే ఆమె గాజు పలకను అట్లాంటి నీళ్లలో ముంచి తీసి, పొర మీద పొర ఎక్కించింది. మాంసకృత్తుల పొరలు పరచడానికీ ఈ పద్ధతే వాడుతున్నారు.

అయితే జిడ్డు చెప్పినట్టు విన్నంతగా మాంసకృత్తు వినదు. నూనె కణానికి నీళ్లు ఇష్టపడే కొస ఒకటి, ఇష్టపడని కొస ఒకటి ఉంటాయి. అందుకే అది సరిగా నిలబడుతుంది. మాంసకృత్తు పెద్దది. ఒకటి నిలువుగా, ఒకటి పక్కకు, ఒకటి తల కిందులుగా తేలవచ్చు. నీటికీ గాలికీ మధ్య ఉంటే కొన్ని పాడవుతాయి కూడా. గుడ్డు తెల్లసొనను గిలక్కొడితే నురుగు కట్టి మారిపోతుందే, అట్లా.

దానికి ఒక ఉపాయం ఉంది. మాంసకృత్తుకు ఒక కొసన మాత్రమే చిన్న పట్టు తగిలిస్తారు. పలక మీద ఆ పట్టు అంటుకునే పూత వేస్తారు. అప్పుడు ఎక్కువ భాగం ఆ కొసనే పట్టుకుని, ఒకే వైపు తిరిగి నిలబడతాయి. సరిగా నిలబడ్డాయా లేదా అనేది వెలుగు పడేసి, కరెంటు ఎటు పోతుందో కొలిచి చూస్తారు.

వచ్చే కరెంటు మాత్రం చాలా కొంచెం. పొర కూడా ఎక్కువ కాలం నిలవదు. ఆకులోని మాంసకృత్తు కూడా ఎండకు దెబ్బతింటుంది. గట్టి ఎండలో కొన్నింటిని ఆకు గంట లోపలే తీసేసి, కొత్తవి పెట్టుకుంటుంది. పలక మీది పొరకు ఆ మరమ్మతు చేసేవాళ్లు లేరు.