వైరులో రాగి: తుంచడం తేలిక, వేరుచేయడమే విద్య

పాత వైర్ల కుప్పను చిన్నపాటి రాగి గని అనవచ్చు. ఆ మాటకొస్తే గనికంటే మెరుగే. ఇవాళ ప్రపంచంలో తవ్వుతున్న రాగి ఖనిజంలో చాలాచోట్ల నూటికి ఒక పాలు లోహం కూడా ఉండదు. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకుంటే దాని బరువులో దాదాపు మూడింట రెండు వంతులు రాగే, అదీ ఒకసారి శుద్ధి చేసిన రాగి. 2018లో తూత్తుకుడి కర్మాగారం మూతపడ్డాక మన దేశం శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసే స్థితి నుంచి దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది కాబట్టి ఈ తుక్కు విలువ మనకు ఇంకా పెరిగింది. చిక్కల్లా రాగిని అంటిపెట్టుకున్న ప్లాస్టిక్ తొడుగుతోనే. దాన్ని వదిలించడానికి కొందరు వైర్లను కాలుస్తారు, కొందరు ఒలుస్తారు. మూడో దారి, వైరును తొడుగుతో సహా చిన్న చిన్న పలుకులుగా తుంచి, అందులోంచి రాగిని వేరుచేయడం. ఆ పని చేసే యంత్రం గ్రాన్యులేటర్. ఇది పెద్ద కర్మాగారాల్లోనే కాదు, ఒక షెడ్డులో పట్టేంత చిన్నదిగా, చేతి పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు సొంతంగా కట్టుకునేంత సులువుగా కూడా ఉంటుంది. కొనేవాళ్లయినా కట్టుకునేవాళ్లయినా మోటారు సత్తా ఎంత, బ్లేడ్ల పదును ఎంత అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తుంచాక రాగి కుప్ప, ప్లాస్టిక్ కుప్ప ఎంత శుభ్రంగా విడిపోతున్నాయి? ఈ యంత్రం మేలు చేస్తోందా, కీడును మరో చోటికి తరలిస్తోందా అన్నది అక్కడే తేలుతుంది.

కాల్చడంలోని కీడు ఏమిటో ముందు చూడాలి. వైర్ల తొడుగుకు ఎక్కువగా వాడేది పీవీసీ. మెత్తదనానికీ మన్నికకూ కలిపే పదార్థాలను మినహాయిస్తే, పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరినే. వేడి తగలగానే అది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా ఊడివస్తుంది. పొగలోని ఘాటుకు కారణం అదే. హైడ్రోజన్ క్లోరైడ్ నుంచి క్లోరిన్ తయారుచేయడానికి 19వ శతాబ్దంలో హెన్రీ డీకన్ రూపొందించిన పద్ధతిలో ఉత్ప్రేరకం రాగి లవణమే. వైర్ల మంటలో హైడ్రోజన్ క్లోరైడ్, రాగి పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అక్కడా క్లోరిన్ పుడుతుంది. మంట అంచున కనిపించే ఆకుపచ్చ రంగు రాగి క్లోరిన్‌తో కలిసి ఆవిరవుతోందనడానికి గుర్తు. ఇక 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య మసి, క్లోరిన్, ఆక్సిజన్, రాగి ఒకచోట చేరితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విష రసాయనాలు పుడతాయి. నిప్పు రాజేసి వదిలేసిన కుప్పలో సరిగ్గా ఆ వేడి ఉండే భాగాలు ఎప్పుడూ ఉంటాయి. అందుకే 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం డయాక్సిన్లు పుట్టే చోట్ల జాబితాలో రాగి కేబుళ్ల కాల్పును పేరుపెట్టి మరీ చేర్చింది. భారత్ ఆ ఒప్పందాన్ని 2006లో ఆమోదించింది.

దీనికి వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. కాల్చేవాడికి రసాయనశాస్త్రం తెలియక కాదు, కాల్పుకు పెట్టుబడి అక్కర్లేదు గనుక కాలుస్తాడు; అందరికీ ఒలిచే పరికరాలు ఇస్తే మంటలు ఆగుతాయి కదా అని. ఘనా రాజధాని అక్రాలోని అగ్‌బొగ్‌బ్లోషీ తుక్కు మార్కెట్టులో ఈ ప్రయత్నం జరిగింది. ప్యూర్ ఎర్త్ అనే సంస్థ స్థానిక సంస్థతో కలిసి 2014లో అక్కడ వైరు ఒలిచే యంత్రాలు పెట్టించింది. లావు కేబుళ్లకు అవి బాగానే పనికొచ్చాయి, మంటలు మాత్రం ఆగలేదు. ఆ చుట్టుపక్కల తిరిగే కోళ్ల గుడ్డు ఒక్కటి తిన్నా యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన రోజువారీ డయాక్సిన్ పరిమితికి 220 రెట్లు ఒంట్లోకి చేరుతుందని 2019లో వెలువడిన పరిశీలన చెప్పింది. మంటలు ఆగకపోవడానికి ఒక ముఖ్య కారణం సన్న వైర్లు. ఇంటర్నెట్‌కు వాడే నెట్‌వర్క్ కేబులునే చూడండి. పై తొడుగు లోపల ఎనిమిది సన్నని వైర్లుంటాయి, ఒక్కోదానిలో రాగి తీగ మందం అర మిల్లీమీటరు. పది కిలోల కేబులులో ఆ సన్న వైర్లన్నీ విడదీసి ఒకదాని వెంట ఒకటి పరిస్తే పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. దాన్ని చేత్తోనో, బ్లేడున్న పరికరంతోనో ఒలవడం ఏ కూలికీ గిట్టదు. గ్రాన్యులేటర్ అవసరం మొదలయ్యేది ఇక్కడే. లావు వైరును మాత్రం ఒలవడమే లాభం. దాన్ని తుంచితే మంచి ధర పలికే మెరిసే తీగను చేజేతులా రజనుగా మార్చుకున్నట్టే.

యంత్రం లోపల జరిగేది చెప్పుకుంటే చిన్న విషయమే. తిరిగే ఇరుసుకు బిగించిన బ్లేడ్లు, కదలని బ్లేడ్లకు అతి దగ్గరగా వస్తూ కత్తెరలా వైరును కోస్తాయి. కింద కన్నాల జల్లెడ ఉంటుంది. ఆ కన్నాల్లో పట్టేంత చిన్నదయ్యే వరకు ముక్క బయటికి రాదు, మళ్లీ మళ్లీ కోత పడుతూనే ఉంటుంది. ముక్క పొడవు తగ్గేకొద్దీ తొడుగుకు రాగి మీద పట్టు తగ్గుతుంది. ఒక హద్దు దాటాక తొడుగు చీలి, రాగి ఊడి పడుతుంది. ఇంటి వైరులో 0.3 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి పోగులు 22 ఉంటాయి. వైరును నాలుగైదు మిల్లీమీటర్ల ముక్కలు చేస్తే పోగులు విడివడి రాలిపోతాయి. కన్నాలు పెద్దవైతే తొడుగులో రాగి ఇరుక్కునే ఉంటుంది, మరీ చిన్నవైతే రాగి ధూళిగా మారి చేతికి రాదు. బ్లేడ్లు మొద్దుబారితే కోతకు బదులు నలుగుడు మొదలవుతుంది. ఆ రాపిడి వేడికి పీవీసీ మెత్తబడి రాగికి పూతలా అంటుకుంటుంది. ఇంతవరకు జాగ్రత్తపడితే యంత్రం నుంచి ఎర్రటి పలుకులు, రంగురంగుల ప్లాస్టిక్ తునకలు కలిసిపోయిన కుప్ప బయటపడుతుంది. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, పీవీసీది సుమారు 1.4. ఆరు రెట్లకు పైగా తేడా ఉంది కాబట్టి గాలి విసిరితే చాలు, తేలికది ఎగిరిపోయి బరువైనది నిలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినప్పుడు జరిగేది అదే, గింజ నిలుస్తుంది, తాలు ఎగిరిపోతుంది. అక్కడ అది కుదరడానికి కారణం గింజా తాలూ దాదాపు ఒకే పరిమాణంలో ఉండడం. తుంచిన వైరులో ఆ సౌలభ్యం లేదు. గాలిలో ఏ పలుకైనా ఎంత వేగంగా పడుతుందన్నది దాని సాంద్రతతో పాటు మందం మీదా ఆధారపడుతుంది, స్థూలంగా ఆ రెండింటి లబ్ధం మీద. ఫోను చార్జర్ తీగల్లో పోగు మందం 0.1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. అలాంటి రాగి పోగు ముక్క అడ్డంగా పడుతున్నప్పుడు గాలిలో అందుకోగల గరిష్ఠ వేగం లెక్కగడితే సెకనుకు సుమారు 2 మీటర్లు వస్తుంది. ఒక మిల్లీమీటరు పీవీసీ పలుకుకు అదే లెక్క సుమారు 5 మీటర్లు. అంటే సెకనుకు 3 మీటర్ల గాలి కిందినుంచి వీస్తే ఎగిరిపోయేది రాగి, నిలిచేది ప్లాస్టిక్! చిన్న యంత్రాలతో సన్న వైర్లు ఆడించినవాళ్లకు ప్లాస్టిక్ కుప్పలో ఎర్రటి నలకలు మెరుస్తూ కనిపించడానికి కారణం మోటారులో లోపం కాదు, ఈ లెక్కే. పలుకులను వేరుచేయడానికి వాడే, ఏటవాలుగా ఉండి వణికే గాలి బల్ల మీద కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పెద్ద కర్మాగారాల్లో పలుకులను ముందుగా పరిమాణాల వారీగా విడదీసి, ఒక్కో పరిమాణానికి గాలి వేరుగా సర్దుతారు. చిన్న యంత్రంలో సాధారణంగా కొరవడేది ఆ మెట్టే.

ఆ లోటు పూడ్చడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మొదటి పని వైర్లను తుంచకముందే ఏరుకోవడం: ఒకే మందం పోగులున్నవి ఒకసారి, వేరేవి మరోసారి ఆడించాలి. రెండోది జల్లెడ. సన్న పోగు ముక్క నిలువుగా తిరిగి అర మిల్లీమీటరు కన్నంలోంచి కూడా జారిపోతుంది, లావు ప్లాస్టిక్ పలుకు పైనే ఉండిపోతుంది. మూడోది నీరు. నీటిలో ప్రతి వస్తువూ తాను తొలగించిన నీటి బరువు మేరకు తేలికవుతుంది. ఆ లెక్కన రాగి 8.96 నుంచి 7.96కు తగ్గితే, పీవీసీ 1.4 నుంచి 0.4కు పడిపోతుంది. గాలిలో ఆరు రెట్లున్న తేడా నీటిలో ఇరవై రెట్లవుతుంది. నెట్‌వర్క్ కేబులులో లోపలి తొడుగుకు వాడే పాలిథిలిన్ నీటికంటే తేలిక కాబట్టి అది పైకి తేలుతుంది, పీవీసీ మెల్లగా దిగుతుంది, రాగి అడుగుకు చేరుతుంది. నీటి పొర మీద సన్నని రాగి కూడా తేలే ప్రమాదం ఉంది, ఒక చుక్క సబ్బు ద్రావణం కలిపితే అది మునుగుతుంది. గంటకు టన్నులు ఆడించే కర్మాగారానికి తడిపి ఆరబెట్టడం భారం, పది కిలోలతో పనిచేసేవాడికి అది సమస్యే కాదు.

ఇంత శుభ్రత ఎందుకు, నూటికి రెండు మూడు పాళ్లు ప్లాస్టిక్ మిగిలితే కొంపలేం మునుగుతాయని అడగవచ్చు. మొదటి జవాబు ధర. అంతర్జాతీయ తుక్కు వ్యాపారంలో అమెరికా పరిశ్రమ సంస్థ పెట్టిన రకాల పేర్లు చెల్లుతాయి. కనీసం 99 శాతం రాగి ఉన్న పలుకులు ‘క్లోవ్’, 97 శాతం ఉన్నవి ‘కోబ్రా’; రకం దిగితే ధరా దిగుతుంది. రెండో జవాబు దానికంటే ముఖ్యం. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మూడు శాతం పీవీసీతో కొలిమికి చేరిన రాగి విషయంలో మనం మంటను ఆపలేదు, మరొకరి కొలిమికి వాయిదా వేశామంతే. ప్లాస్టిక్ కుప్పలో మిగిలిన రాగిదీ అదే కథ. నెట్‌వర్క్ కేబులు లాంటి తుక్కులో రాగి నలభై శాతం అనుకుంటే, ప్లాస్టిక్ కుప్పలో ఐదు శాతం రాగి మిగిలినా మొత్తం రాగిలో ఏడెనిమిది శాతం పోయినట్టే. ఆ కుప్పను చెత్తలో పారేసి ఎవరైనా నిప్పుపెడితే క్లోరిన్, రాగి, మసి మళ్లీ ఒకచోట చేరతాయి. ఇది తెలుసుకునే పరీక్ష సులువు: వంద గ్రాముల ప్లాస్టిక్ తునకలను సబ్బు నీటిలో బాగా కలిపి, ప్లాస్టిక్ కంటే ముందే అడుగుకు చేరిన రాగిని వేరుచేసి, ఆరబెట్టి తూచడమే. యంత్రం సత్తాను చెప్పేది ఈ తూకం, మోటారు చప్పుడు కాదు.

మరో అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పొగకు బదులు ధూళి వస్తుంది కదా అని. నిజమే. పాత పీవీసీ తొడుగుల్లో వేడికి చెడిపోకుండా సీసం లవణాలు కలిపేవారు, తుంచినప్పుడు ఆ సీసం సన్నని దుమ్ములో ఉంటుంది. కాబట్టి ఈ యంత్రం ఇంటి వరండాలోనో, పిల్లలు తిరిగే చోటో పెట్టేది కాదు. మూత, దుమ్ము పీల్చే ఏర్పాటు, ధూళిని ఆపే మంచి మాస్కు ఉండాలి. వేరుచేయడానికి వాడిన నీటిని కాలువలో పోయకుండా, మడ్డి దిగనిచ్చి మళ్లీ వాడుకోవాలి. ధూళిని ఇలా ఒక పెట్టెలో బంధించవచ్చు, ఆరుబయట మంట నుంచి లేచిన పొగను ఏ పెట్టెలోనూ పెట్టలేం. రెండింటికీ తేడా అక్కడుంది. గిట్టుబాటు విషయంలో మోసపోయే చోటు మరొకటి: చవక నెట్‌వర్క్ కేబుళ్లలో అల్యూమినియం తీగకు పైపైన రాగి పూత వేస్తారు. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. అలాంటివి కలిస్తే కుప్ప మొత్తం ధర పడిపోతుంది.

వ్యాపారంగా ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ చేయాలంటే 2022 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ఆ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. చిన్న గ్రాన్యులేటర్ అధీకృత రీసైక్లింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. దాని హద్దులు దానికున్నాయి: లావు వైరును ఒలవాలి, మధ్యరకాన్ని తుంచాలి, వెంట్రుక లాంటి పోగులున్న తీగలను అధీకృత రీసైక్లర్‌కు అప్పగించాలి. ఆ హద్దుల్లో వాడితే అది కాల్పుకు నిజమైన విరుగుడు. యంత్రం కొనాలనుకునేవాళ్లు అమ్మేవాణ్ని గంటకు ఎన్ని కిలోలు అని అడిగే ముందు, తమ వైర్లనే కొన్ని ఆడించి చూపించమని, ప్లాస్టిక్ కుప్పలో ఎంత రాగి మిగిలిందో తమ ఎదుటే తూచమని అడగాలి. ఆ తూకానికి ఒప్పుకోని యంత్రాన్ని కొనకపోవడమే మంచిది.